క్రీడాలోకములందు వేషనిర్వాహము

విషయనిర్దేశము

పలువురు దూరదేశములనుండి, తమ తమ యిండ్లలోఁ గూర్చుండియే, కంప్యూటరుల మూలమున నొకే కల్పితలోకమునఁ బ్రవేశించి యాడు క్రీడలు నేఁడు లోకమంతటను వ్యాపించియున్నవి. ఆ లోకములందు రాజ్యములు, వనములు, గుహలు, భూతములు, మంత్రములు కలవు. ఆటగాఁడు ప్రవేశించునప్పుడు తన కొక శరీరమును, ఒక జాతిని, ఒక పేరును నేర్పఱచుకొనును. పెక్కండ్ర కా శరీరము పనిముట్టు మాత్రమే. దానితో శత్రువులఁ జంపుదురు, ధనము గూర్తురు, ఒక్కొక్క మెట్టే యెక్కి బలవంతు లగుదురు. కొందఱు మాత్ర మా శరీరమును వేషముగా గ్రహింతురు. మంత్రవేత్తయైనచో మంత్రవేత్తవలెనే మాటలాడుదురు. వనచరుఁడైనచో నగరమును జూచి వెఱఁగుపడుదురు. తామెఱిఁగినను దమ పాత్ర మెఱుఁగని విషయమును నోట రానీయరు. ఇట్టి యాటకు వేషక్రీడ యని యీ వ్యాసమునఁ బేరిడుచున్నాను. ఆ వేషమును జిరకాలము విడువక నడపుట వేషనిర్వాహము.

ఈ వేషధారులలోఁ దఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. తొలినెలలలో రాత్రులు తెలియనీయక నడచిన యుత్సాహము కొంతకాలమునకుఁ దగ్గిపోవును. శరీర మట్లే యుండును. లోక మట్లే యుండును. పేరు నట్లే యుండును. పాత్రముగా మాటలాడవలెనను కోరిక మాత్ర ముండదు. ఇది యేల కలుగును? దీనికిఁ బ్రతిక్రియ యెయ్యది? సామాన్యముగా రెండు సమాధానములు చెప్పఁబడుచున్నవి. ధారకుని భావనాశక్తి క్షీణించినదనుట యొకటి. క్రీడానిర్మాతలు వేషమునకుఁ దగిన ఫలమును గల్పింపలేదనుట రెండవది. ఈ క్రీడల యేఁబదియేండ్ల చరిత్రమును బరిశీలించినచో నీ రెండును జాలవని తోఁచును. మూఁడవ కారణ మొకటి కలదు. దానిని నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

నటుఁడు - సామాజికుఁడు

మన యాలంకారికులు నాట్యవిచారమున మువ్వురను బేర్కొనిరి: అనుకార్యుఁడు, అనుకర్త, సామాజికుఁడు. దుష్యంతుఁ డనుకార్యుఁడు. ఆ వేషము ధరించిన నటుఁ డనుకర్త. సభలోఁ గూర్చుండి చూచువాఁడు సామాజికుఁడు. రస మెవ్వనియం దుండునను వివాదము చిరకాలము నడచినది. భట్టలోల్లటుఁడు దానిని బ్రధానముగా ననుకార్యునియందుఁ జెప్పెను. అభినవగుప్తుని మతమున రసాస్వాదము సామాజికునిది. నాట్యశాస్త్రము సైతము సిద్ధిని నిరూపించు నధ్యాయమునఁ బ్రేక్షకున కుండవలసిన లక్షణములను వివరించినది. నాట్యసిద్ధికి నటుని నైపుణ్య మొక్కటియే చాలదనియు, చూచువాని యోగ్యతయుఁ గావలయుననియు దీని తాత్పర్యము.

వేషక్రీడయం దీ విభాగము మాఱిపోవుచున్నది. ఇచ్చట ననుకార్యుఁడు పురాణప్రసిద్ధుఁడు కాఁడు. ఆటగాఁడే వానిని సృజించును. కావునఁ గవియు నటుఁడును నొక్కఁడే. ఇంతకంటె ముఖ్యమైన భేద మింకొకటి కలదు. ఇచ్చట వేఱుగా సభ లేదు. రుసుము చెల్లించి చూడవచ్చినవాఁడు లేఁడు. నా మాటను వినువాఁడు నావంటి వేషధారియే. వాని మాటను వినవలసినవాఁడను నేనే. ప్రతివాఁడు నొక క్షణమున నటుఁడు, మఱుక్షణమున సామాజికుఁడు. మన పగటివేషగాఁ డింటిముంగిట నిలిచి తన పాత్రమునకుఁ దగినట్లు మాటలాడునప్పుడు గృహస్థుఁడు వినును, నవ్వును, బియ్యము పెట్టి పంపును; కాని తాను వేషము వేయఁడు. వేషక్రీడయందైతే వినువాఁడును వేషములోనే యుండి వినవలయును. వేషములోనే యుండి బదులు చెప్పవలయును.

కావున నిచ్చట సామాజికస్థానము మిక్కిలి సులువుగా శూన్యమగును. అందఱును నటులే కాఁగోరి, ఎవ్వరును సామాజికులు కానొల్లనిచో, నొక్కొక్కఁడును నిర్జనమైన రంగమునఁ బలుకువాఁడే యగును. అట్టిచోట నెంతటి ప్రతిభావంతుని యుత్సాహమైనను నిలువదు. వేషనిర్వాహమున కాధారము సామాజికుఁడనియే నా పక్షము. దీనికిఁ జరిత్రమునుండి ప్రమాణములను జూపెదను.

బల్లచుట్టు నాడిన యాట

ఈ క్రీడలకు మూలము యుద్ధవిద్యయం దున్నది. ప్రష్యాదేశపు సైనికోద్యోగియగు రైస్విట్జు 1824లో నొక యుద్ధక్రీడను బ్రకటించెను. పటముపై సేనలకు గుర్తులగు దిమ్మెల నుంచి, ఇరుపక్షములవారును దమ యాజ్ఞలను మధ్యస్థున కెఱిఁగించెడివారు. ఫలమును మధ్యస్థుఁడు పాచికలతోడను బట్టికలతోడను నిర్ణయించెడివాఁడు. అందు సేనలు కలవు గాని పాత్రములు లేవు.

పాత్రములు ప్రవేశించిన విధము గమనింపఁదగినది. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అను జంటనగరములందు డేవిడ్ వెస్లీ 1969లో నొక యాటను నడపెను. బ్రౌన్‌స్టైన్ అనునది కల్పితమగు జర్మను పట్టణము, కాలము నెపోలియనునాఁటిది. సేనాపతులకే కాక నగరాధ్యక్షుఁడు మున్నగు పౌరులకును ఒక్కొక్క యాటగాని నియమించి, ఒక్కొక్కనికి వేర్వేఱు ప్రయోజనములను గల్పించెను. ఆటగాండ్రు వరుస తప్పి, ఇద్దఱిద్దఱుగా మూలలకుఁ బోయి రహస్యమంతనము లాడఁజొచ్చిరి. నిర్వాహకునకుఁ దన యాట చెడినదనియే తోఁచెను. ఆడినవారు మాత్రము మరల నాడింపుమని కోరిరి. గెలుపోటములు తేలకపోయినను వారికిఁ గలిగిన యానంద మెక్కడిది? ఒకని కపటమును వేఱొకఁడు నమ్ముటవలనఁ గలిగినది. ఒకని మాటకు వేఱొకఁ డదరిపడుటవలనఁ గలిగినది.

ఆ యాటలలోఁ బాల్గొన్న డేవ్ ఆర్నెసన్ పిదప బ్లాక్‌మూర్ అను కల్పితదేశమును నిర్మించెను. గ్యారీ గైగాక్సుతోఁ గలసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రీడను బ్రకటించెను. మూఁడు చిన్నపొత్తములు గల యా పెట్టె తొలికూర్పున వేయి ప్రతులు మాత్రమే. అందు నలుగురైదుగు రొక బల్లచుట్టుఁ గూర్చుందురు. ఒకఁడు పలికినప్పుడు తక్కినవారి కన్ను లాతనిపై నుండును. నవ్వు వినఁబడును; నిట్టూర్పు వినఁబడును. సామాజికుఁ డెదుటనే యుండుటచే, వేషోత్సాహము నిలుచుట యెట్లను ప్రశ్న కచ్చట నవకాశము తక్కువ. ఆ బల్లను దీసివేసినప్పుడే యది తీవ్రమైనది.

అక్షరలోకములు

ఇంగ్లండులోని ఎస్సెక్సు విశ్వవిద్యాలయమున 1978లో రాయ్ ట్రబ్‌షా యను విద్యార్థి యొక కల్పితలోకమును గంప్యూటరులో నిర్మింప నారంభించెను. 1980లో దాని భారమును రిచర్డ్ బార్టల్ వహించెను. దానికి మడ్ అని పేరు. అందు బొమ్మలు లేవు, అంతయు వ్రాఁతయే. నిధులను సంపాదించి, శత్రువుల నోడించి, గుణసంఖ్యను బెంచుకొన్నవాఁడు తుదకు మాంత్రికపదవి నందును. ఎవ్వఁడే పేరు పెట్టుకొన్నను, ఏమి మాటలాడినను యంత్రము పట్టించుకొనదు. నిధిని దెచ్చెనా లేదా యనునదియే దానికిఁ గావలసినది.

ఈ బార్టలే 1996లోఁ బ్రకటించిన వ్యాసమున నాటగాండ్రను నాలుగు తెగలుగా విభజించెను: సాధకులు, అన్వేషకులు, సల్లాపప్రియులు, హింసాప్రియులు. వేషధారుల కందుఁ బ్రత్యేకమగు తెగ లేదు. వేషమును సల్లాపప్రియులు పరస్పరసంబంధమునకు సాధనముగాఁ గొందురని యతఁడు వివరించెను. వేషము సంబంధమును గోరునదియే కాని యేకాంతసిద్ధి కాదని, యీ విద్యకు మూలపురుషులలో నొకఁడగు నాతని విభాగమువలననే తెలియుచున్నది.

ఫలకల్పనమే వేషమునకుఁ బ్రాణమనువారికి 1989 నాఁటి టైనీమడ్ చక్కని ప్రత్యుత్తరము. దానిని గార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఆస్ప్నెస్ నిర్మించెను. పోరాటముచే మెట్టెక్కు పద్ధతిని విడిచి, ప్రవేశించినవారే గదులను వస్తువులను నిర్మించుకొను నవకాశము నాతఁడు కల్పించెను. దాని సంతతిగా 1990 మొదలుకొని మష్ అను పేరి లోకములు పెక్కు వెలసినవి. వీనిలో వేషక్రీడయే ముఖ్యమైనవి యనేకములు. సంపాదింపవలసిన నిధి లేదు. చంపవలసిన భూతము లేదు. అయినను జనులు గంటలకొలఁది కూర్చుండి పాత్రముల వచనములను వ్రాసికొనుచుండిరి. యంత్ర మిచ్చు ఫలము శూన్యమైనచోటనే వేషము వర్ధిల్లినది.

అచ్చటివా రేర్పఱచుకొన్న నియమములు పండితులకు రుచింపఁదగినవి. ఒకఁడు తన పాత్రము చేష్టను, మాటను ఒక వాక్యసముదాయముగా వ్రాయును, పిదప నొండొకఁడు, వరుసఁ దప్పరాదు. తన వచనమున నితరుని పాత్రమునకుఁ గలుగు ఫలమును దానే నిర్ణయింపరాదు. కత్తి విసరితినని వ్రాయవచ్చును. నీ చేయి తెగినదని వ్రాయరాదు. వేషములోనున్న మాటయు, వేషము వెలుపలి మాటయు వేర్వేఱని తెలియునట్లు గుర్తుంచవలయును. ఈ మూఁడు నియమములును నటుని కొఱకుఁ బుట్టినవి కావు. ఎదుటివాని కొఱకుఁ బుట్టినవి. ఎదుటివానికి వంతు నిచ్చుట మొదటిది. ఎదుటివాని స్వాతంత్ర్యమును గాపాడుట రెండవది. ఎదుటివాని భ్రాంతిని జెడఁగొట్టకుండుట మూఁడవది. ఓలందా పండితుఁడు హొయిజింగా 1938 నాఁటి తన గ్రంథమున, ఆటలో మోసము చేయువానికంటె నాటను భంగపఱచువాఁడే హెచ్చు నింద్యుఁడని నిరూపించెను. మోసగాఁ డాటలోకమును నమ్మినట్లైన నటించును. భంగకారుఁడు దానిని మాయము చేయును. వేషక్రీడలో నీ భంగకారుఁడు తఱచుగా శత్రువు కాఁడు. వినకయే తన మాటను దాను వ్రాసికొనిపోవు మిత్రుఁడు.

రాజును, ప్రజలును

టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ నగరమున నున్న ఆరిజిన్ సంస్థ 1997 సెప్టెంబరు 24న అల్టిమా ఆన్‌లైన్ అను లోకమును దెఱచెను. బొమ్మలు గల యీ లోకమునకుఁ గర్త రిచర్డ్ గారియట్టు. ప్రధానరచయిత రాఫ్ కోస్టర్. అల్పకాలములోనే చందాదారుల సంఖ్య లక్షకు మించెను. నాలుగైదుగురు గూర్చుండు బల్లయుఁ బదులకొలఁది జనులుండు మష్ లోకమును దాఁటి వేషక్రీడ మహానగరమునఁ బడినది.

దీనికి ముందు జరిగిన పరీక్షాకాలమున, 1997 ఆగస్టు 8న, ఒక విచిత్రము జరిగినది. గారియట్టు తన రాజవేషమగు లార్డ్ బ్రిటిష్ రూపమునఁ బ్రజలకు దర్శన మిచ్చుచుండెను. రాజున కవధ్యత్వము యంత్రముచే నీయఁబడినది. ఆ దినమున దానిని మరలఁ బెట్టుట మఱపునఁ బడెను. రెయిన్జ్ అను పేరి యాటగాఁ డగ్నిమంత్రమును బ్రయోగింపఁగా రాజు మరణించెను. ఆ లోకపు చరిత్రమున నింతగాఁ జెప్పుకొనఁబడిన ఘట్టము వేఱొండు లేదు. నిర్మాతలు కల్పించిన కథ కాదిది. ఎవ్వరికిని నే బహుమానమును దెచ్చిన కార్యమును గాదు. అచ్చట మూఁగియుండి చూచినవా రుండుటచేతనే యది కథయైనది.

అచ్చట మఱియొక పాఠమును గలదు. తొలిదినములలో నెవ్వఁడైనను నెవ్వనినైనను జంపవచ్చును. పేరు లేని హంతకులు మూఁకలుగాఁ దిరిగి దారికాచి కొట్టుచుండిరి. సత్రములు గట్టి కథలు చెప్పుకొను వేషధారులు వారిచేఁ బీడితులైరి. 2000 సంవత్సరమున నిర్మాత లా లోకమును రెండుగాఁ జేసిరి: ట్రామెల్ అభయభూమి, ఫెలుక్కా భయభూమి. జనులలోఁ బెక్కండ్రు ట్రామెలునకుఁ దరలిపోయిరి. సత్రములకు రక్ష దొరకినది. కాని దొంగవేషము వేసికొన్నవానికి వానినిఁ జూచి వెఱచువాఁడు కఱవయ్యెను. దొంగను జూచి నిజముగా వణఁకు బాటసారియే దొంగవేషమునకు సామాజికుఁడు. శత్రుపాత్రమును ధరించినవాఁడును మన సామాజికుఁడే యని దీనివలన గ్రహింపవలయును.

శాసనముచేఁ గల్పించిన సభ

వేషమును శాసనముచే నిలుపవచ్చునా? ఈ ప్రయత్నమును నిర్మాతలు పలుమాఱులు చేసిరి. 1999 మార్చి 16న వెలువడిన ఎవర్‌క్వెస్టులో నొక్కొక్క జాతికి నొక్కొక్క భాష కలదు. వినఁగా వినఁగాఁ గాని పరభాష పట్టువడదు. 2004 నవంబరు 23న వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టులో వేషక్రీడ కొఱకే కొన్ని సర్వరులను బ్రత్యేకించిరి. కాలమునకును లోకమునకును దగని పేళ్ల నచ్చట నిషేధించిరి. శత్రుపక్షమువాఁ డాడు మాట యర్థము కాని యక్షరసమూహముగా మాఱి కానవచ్చును. ఇవి మంచి కట్టుబాటులే. అసభ్యమగు పేరును నియమము తొలఁగింపఁగలదు. ఒకఁడు చెప్పు కథను వేఱొకఁడు శ్రద్ధతో వినునట్లు మాత్ర మే నియమమును జేయలేదు.

ఆ కొఱతను దీర్చుకొనుటకు ఆటగాండ్రే పూనుకొనిరి. టోటల్ ఆర్పీ మున్నగు నుపకరణములను వారే వ్రాసి పంచుకొనిరి. వీనిమూలమున నొక్కొక్కఁడును దన పాత్రపు రూపమును, వయస్సును, పైకిఁ గనఁబడు స్వభావమును వ్రాసియుంచును. దారిలో నెదురైనవాఁడు దానిని జదువవచ్చును. యంత్ర మిచ్చిన బొమ్మలో మచ్చ లేకున్నను, చెక్కిలిపై గాయపుమచ్చ కలదని వ్రాసికొన్నచో, చదివినవాఁడు దానిని జూచినట్లే ప్రశ్నించును. తమ్ము నొకరు చూడవలెనని వేషధారులు శ్రమించిన శ్రమకు నిది సాక్ష్యము.

శాసనముచే సభను గల్పింపఁబూనిన ప్రయత్నములలో మిక్కిలి విచిత్రమైనది స్టార్ వార్స్ గెలాక్సీస్. ఇది మంత్రలోకము కాదు, నక్షత్రలోకము. కాని మన విషయమున కత్యంతోపయుక్తము. 2003 జూను 26న వెలువడిన యీ క్రీడకు సృజనాధ్యక్షుఁడు పైఁ జెప్పిన రాఫ్ కోస్టరే. ఇందు నర్తకవృత్తియు గాయకవృత్తియుఁ గలవు. యుద్ధమున నలసినవాఁడు పానశాలకుఁ బోయి నృత్యమును జూచుచు, సంగీతమును వినుచుఁ గూర్చుండిననే కాని యా యలసట తీఱదు. అనఁగా సామాజికత్వమునే యంత్రధర్మముగాఁ జేసిరి. తొలినాళ్లలో నా శాలలు సల్లాపములతో నిండినమాట నిజము. అయినను, చూచుట మందు పుచ్చుకొనుటవంటి దైనప్పుడు, చూచువాఁడు కన్ను మూసికొని కూర్చుండెను. ఆడువాఁడు తన శరీరమున కొక యాజ్ఞామాలను దగిలించి, అది తనంతట నాడుచుండఁగా లేచిపోయెను. మనస్సు లేని సామాజికునికి మనస్సు లేని నర్తకుఁడు తోడయ్యెను. 2005 నవంబరులో నిర్మాత లా క్రీడాక్రమమును సమూలముగా మార్చిరి. 2011 డిసెంబరు 15న నా లోకము మూయఁబడెను. సామాజికుని గొని తేవచ్చును, నిర్బంధింపవచ్చును; సహృదయునిఁ జేయుట మాత్రము యంత్రమునకు సాధ్యము కాదు.

పరిశోధకుల మాటయు నిచ్చట స్మరింపఁదగును. నిక్ యీ అను శాస్త్రజ్ఞుఁడు 3,000 మంది యాటగాండ్రను బ్రశ్నించి 2006లోఁ బ్రకటించిన వ్యాసమున, క్రీడోత్సాహమునకు సిద్ధి, సాంగత్యము, తన్మయత్వము అను మూఁడు మూలములను జెప్పి, వేషధారణమును మూఁడవదానియందుఁ జేర్చెను. ఈ విభాగము వ్యక్తి కోరికను బట్టి చేసినది, అది సరియైనదే. కాని పాత్రమునఁ దన్మయుఁడగుట యొకటి, ఆ తన్మయత్వము నిలుచుట యొకటి. మొదటిదానికి మూలము ధారకుని హృదయము, రెండవదానికి సాంగత్యము. దీపమునకు వత్తియు నూనెయు వేర్వేఱైనట్లే యివియు వేర్వేఱు.

ఇబెలిన్ వృత్తాంతము

ఈ విషయము పిల్లలయాట మాత్రమే యని తలఁచువారికి నార్వేదేశపు వృత్తాంత మొకటి చెప్పవలసియున్నది. మాట్స్ స్టీన్ అను యువకుఁడు డ్యూషేన్ అను కండరక్షయవ్యాధితోఁ బుట్టెను. క్రమముగా నడక పోయెను, చక్రాసనము వచ్చెను, తుదకు వ్రేళ్లు మాత్రమే కదలునట్లయ్యెను. ఆతఁడు దినములో హెచ్చుభాగము వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టులో, ఆర్జెంట్ డాన్ అను వేషసర్వరునఁ గడపెడివాఁడు. ఇబెలిన్ రెడ్‌మూర్ అను ప్రభువంశీయుని వేషము నాతఁడు ధరించెను. స్టార్‌లైట్ అను గిల్డునఁ జేరి యేండ్లతరబడి దానిని నిర్వహించెను.

2014 నవంబరులో నాతఁ డిరువదియైదేండ్ల వయస్సున మరణించెను. కుమారుఁడు మిత్రులు లేక యేకాకిగా బ్రతికిపోయెనని తలిదండ్రులు దుఃఖించుచుండిరి. మరణవార్త నాతని పేరిటనున్న పత్రికయందుఁ దండ్రి ప్రకటింపఁగా, పలుదేశములనుండి లేఖలు వచ్చెను. గిల్డువారిలోఁ గొందఱు ప్రయాణము చేసి వచ్చి యంత్యక్రియలకు హాజరైరి. అంతవఱకు వారిలో నొక్కరిని నా యింటివా రెఱుఁగరు. 2024లో బెంజమిన్ రే యను దర్శకుఁ డీ వృత్తాంతమును జలనచిత్రముగాఁ దీసెను. మాట్స్ జీవితములోని సంభాషణములు పెక్కు మరల వినిపింపఁగల్గుటకుఁ గారణము, గిల్డువా రాయా దినముల మాటల నక్షరరూపమున భద్రపఱచియుండుటయే.

ఇందు రెండు విషయములు గమనింపవలయును. కదలలేని దేహముతోడను నాతని వేష మేండ్లకొలఁది యెట్లు నిలిచినది? యంత్ర మాతనికి విశేషఫలము నేదియు నీయలేదు. ఆతని మాటకు వేచియున్న సంఘ మొకటి యుండెను. రెండవది: ఆతఁ డితరుల కథలకుఁ జెవి యొగ్గువాఁడై యుండెను. కష్టమున నున్న గిల్డుమిత్రులతో మాటలాడి, వారి కుటుంబవ్యథలకు సైతము సలహాలిచ్చెనని వారే చెప్పిరి. ఆతఁడు మంచి నటుఁడు మాత్రమే కాఁడు, మంచి సామాజికుఁడు. కనుకనే యాతనికి సామాజికులు దొరకిరి.

పూర్వపక్షములు

దీనిపై మూఁ డాక్షేపములు రావచ్చును.

సామాజికుఁ డక్కఱలేకయే, యొంటరిగాఁ గూర్చుండి తన పాత్రపు దినచర్యను, వంశవృత్తాంతమును వ్రాసికొని యానందించువారు లేరా యని మొదటి యాక్షేపము. కలరు. కాని యది నేపథ్యకర్మము. రంగప్రవేశము చేయు నాశ యున్నంతవఱకే నేపథ్యమున నలంకరించుకొను నుత్సాహ ముండును. వ్రాసినదానినిఁ జదువువాఁడు లేఁడని నిశ్చయమైనప్పుడు కొందఱు మానుదురు, కొందఱు కథారచయితలగుదురు. రచన గౌరవనీయమే, కాని యది వేషక్రీడ కాదు.

జనసమ్మర్దము మిక్కుటమైన సత్రములలో సైతము వేషోత్సాహము చచ్చుచున్నదే యని రెండవ యాక్షేపము. నిజమే. వందమంది గూడి యొక్కమాఱుగాఁ బలుకుచున్న చోట వినువాఁ డొక్కఁడును లేఁడు. సామాజికుఁడనఁగా సమ్మర్దము కాదు, సహృదయుఁడు. నేను మొన్న చెప్పిన మాటను నేఁడు జ్ఞప్తికిఁ దెచ్చి ప్రశ్నించువాఁ డొక్కఁడు, ఊరక చూచిపోవు నూఱుగురకంటె మేలు.

ఉత్సాహము తగ్గుట యన్నివేళలను సంఘదోషమేనా యని మూఁడవది. కాదు. పరీక్షలు, ఉద్యోగము, రోగము, కుటుంబభారము మనుష్యునిఁ బిలుచును. అప్పుడు వేషమును దీసి పక్కన నుంచుట దోషము కాదు. పాత్రపు కథ ముగిసినచో ముగిసినదనుట యుత్తమము. రాత్రి వేషము వేసినవాఁడు తెల్లవారి రంగు కడిగికొనుట వేషధర్మములోనిదే. నేను చెప్పునది, కోరిక యుండియు వేష మాడలేక కృశించువారినిఁగూర్చి మాత్రమే.

సిద్ధాంతము

ఈ చరిత్రమువలనఁ దేలిన సారమును సంగ్రహించెదను. బల్లచుట్టు నాడిన దినములలో సామాజికుఁడు సహజముగా లభించెను. అక్షరలోకములలో నియమములచే నాతనిఁ గాపాడుకొనిరి. మహానగరములవంటి లోకములలో నాతఁడు జనసమ్మర్దమునఁ దప్పిపోయెను. యంత్రము నిర్బంధించి తేఁబోఁగాఁ బ్రతిమ మాత్రమే వచ్చెను. చిన్నగిల్డులలో నాతఁడు మరలఁ గానవచ్చెను.

కావున వేషోత్సాహము క్షీణించినవాఁడు తన పాత్రమునకుఁ గ్రొత్త యాయుధమును, క్రొత్త వంశకథను వెదకుటకంటె ముందుగా, ఎవ్వని కథకుఁ దాను సామాజికుఁడై యున్నాఁడో యాలోచింపవలయును. నలుగురైదుగురు సహచరులు చాలుదురు. వారమున కొక రాత్రి నియతముగాఁ గూడుట మేలు. నియమము లేని కూడిక నిలువదు. కలిసినప్పుడు తన వృత్తాంతమును జెప్పుటకు ముందు ఎదుటివాని వృత్తాంతమును బ్రశ్నింపవలయును. తన వచనము చివర నెదుటివాఁ డందుకొనఁదగిన కొస యొకటి విడువవలయును: తెఱవని లేఖయో, తీఱని యప్పో, చెప్పి చెప్పని పేరో. అంతయుఁ దానే ముగించువానికి బదులు చెప్పువాఁ డుండఁడు. శత్రువేషధారిని మిత్రునివలె గౌరవింపవలయును. వానివలననే మన వీరవేషమునకుఁ బ్రయోజనము.

పాఠశాలలలో నాటకములు వేయించు పండితుల కీ విషయము క్రొత్త కాదు. మాట మఱచిపోవు బాలుఁడు కొందఱకు మందబుద్ధియని తోఁచును. కాని యెదుటి పాత్రమును ధరించినవాఁడు తన వంతుకై మాత్రమే కాచుకొని, వాని మాట వినకుండుట తఱచుగాఁ గారణము. విను తోడిపాత్ర మున్నచో నా బాలుఁడే చక్కఁగాఁ బలుకును.

సాహిత్యపరిశోధకులమగు మనకుఁ గర్తవ్య మొకటి మిగిలియున్నది. ఈ లోకములు నిర్మాతల సర్వరులపై నాధారపడినవి. మీట నొక్కఁగానే మాయమగును. లోకము మూసిన దినమున నందుఁ బుట్టిన సంభాషణములు, కథలు, హాస్యములు నశించును. ఇబెలిన్ మాటలు నిలిచినది గిల్డువారు వ్రాసి దాఁచినందువలన. చెదలు తినుచున్న తాళపత్రములను వెదకి పుత్రికలు వ్రాయించిన సంప్రదాయము మనది. తెలుఁగువారిలోఁ బడుచువా రనేకు లిట్టి లోకములందుఁ దిరుగుచున్నారు. వారు తమలోఁ దాము తెలుఁగున నాడుకొను వేషవచనము లున్నచో, వానిని దేదీతోడను, స్థలముతోడను, పాత్రముల పేళ్లతోడను వ్రాసియుంచుఁడని వారికిఁ జెప్పవలయును. ఆడినవారి యనుమతితోఁ బోగుచేసిన యట్టి ప్రతులను బరిషత్తులు భద్రపఱుపవలయును. వినుటయే వేషమును నిలుపునని యింతవఱకుఁ జెప్పితిని. వినినదానిని వ్రాసియుంచుట యా సామాజికధర్మములోని తుదిభాగము.